‘తిన్నవా తమ్ముడూ?’ అని అడిగేవాళ్లు

హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెడతారు, రాత్రికి వంట ఉండదు. ఇంటి నుంచి డబ్బులు వచ్చినవాళ్లు బిర్యానీకి పోతారు. మిగతావాళ్లు మధ్యాహ్నమే రెండు పూటలకి సరిపడా లాగించేసి, రాత్రి ఫోన్ చూసుకుంటూ నిద్రపోతారు. నేను ఆ రెండో బ్యాచ్.

ఇప్పుడు నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది. ఆదివారం రాత్రి తిండికి ఇబ్బంది లేదు. అయినా ఆదివారం సాయంత్రం నన్ను ఎవరు ఎక్కడికి పిలిచినా రాను. ఆఫీసులో ఫ్రెండ్స్ ‘‘గర్ల్‌ఫ్రెండా?’’ అని ఆటపట్టిస్తారు. కాదు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట మధ్య ఓ గల్లీలో, కింద జిరాక్స్ షాపు ఉన్న బిల్డింగ్ రెండో అంతస్తులో మా చర్చి ఉంది. అక్కడ విద్యార్థుల కోసం పనిచేసే ఓ చిన్న టీమ్ ఉంది. నేను సాంబార్ బకెట్ పట్టుకునేది అక్కడే. ఆ టీమ్ గురించి మీకు చెబుదామనే ఇది రాస్తున్నా. అందుకు ముందు నా ఫెయిల్ గురించి చెప్పాలి.

బత్తాయిల లారీ

మాది నల్గొండ దగ్గర ఓ పల్లె. నాన్నకి రెండెకరాల బత్తాయి తోట. 2014లో, తెలంగాణ వచ్చిన ఏడాదే, నేను ఇంజినీరింగ్‌లో చేరాను. ఓ పరుపు చుట్ట, ఓ బకెట్, అమ్మ పెట్టిన పచ్చడి డబ్బాతో ఎల్బీనగర్‌లో బస్సు దిగాను. కాలేజీ ఇబ్రహీంపట్నం వైపు, హాస్టల్ చైతన్యపురి వెనక గల్లీలో. అమ్మకి ఒకటే భయం. ‘‘బాంబులు పేలిన దిల్‌సుఖ్‌నగరేనా?’’ అని పదిసార్లు అడిగింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం టీవీలో చూసింది ఆమె ఇంకా మర్చిపోలేదు. అదే బస్‌స్టాప్ మీదుగా రోజూ తిరుగుతానని నేను చెప్పలేదు.

అప్పటికి మెట్రో లేదు. రోడ్డు మధ్యలో పిల్లర్లు లేస్తున్నాయి. దుమ్ము, హారన్లు, గోడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు. మా గదిలో నలుగురం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ ఎలాగో గట్టెక్కా. ఇంజినీరింగ్‌లో మాత్రం లెక్చరర్ ఇంగ్లిష్‌లో చెబుతుంటే, నేను ముందు తెలుగులోకి మార్చుకుని, అర్థం చేసుకుని తలెత్తేసరికి బోర్డు చెరిపేసేవారు.

ఫస్ట్ ఇయర్ రిజల్ట్స్ వచ్చాయి. నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఎం-1, మ్యాథమెటికల్ మెథడ్స్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, సీ ప్రోగ్రామింగ్. ఇంటికి ఫోన్ చేసి ‘‘అన్నీ పాస్’’ అని చెప్పాను.

అబద్ధం చెప్పి ఊరికి దూరంగా ఉండొచ్చు. కానీ నాన్న నాకు దూరంగా లేడు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. 2021లో బాటసింగారం వైపు తరలించారు గానీ, అప్పట్లో నల్గొండ బత్తాయిలన్నీ అక్కడికే వచ్చేవి. నాన్న తోట కాయ కోసినప్పుడల్లా లారీ మీద తెల్లవారుజామున మార్కెట్లో దిగేవాడు. నా హాస్టల్ నుంచి నడిచిపోయేంత దూరం. ఫోన్ చేస్తే వెళ్లేవాణ్ని. ఓ సంచి నిండా బత్తాయిలు పోసి, ‘‘మంచిగ చదువుతున్నవ్ గదా’’ అనేవాడు. అది ప్రశ్న కూడా కాదు. నేను తలూపేవాణ్ని. ఆ సంచి మోసుకుంటూ హాస్టల్‌కి వస్తుంటే అది కాయల బరువులా ఉండేది కాదు.

ఆ మెట్లు ఎక్కిందెలా

నా రూమ్మేట్ ఒకడు సాయిబాబా భక్తుడు. ప్రతి గురువారం దిల్‌సుఖ్‌నగర్ గుడికి పోయేవాడు. వాడే ఒక ఆదివారం రాత్రి, ‘‘అరేయ్, జిరాక్స్ షాపు పైన చర్చిలో అన్నం పెడ్తుండ్రంట, పోదాం పా’’ అన్నాడు. మా అమ్మ ఊళ్లో చర్చికి వెళ్తుంది. నేను మానేసి నాలుగేళ్లయింది. నాకు మొహమాటం, వాడికి లేదు. వాడు ముందు, నేను వెనక.

పైన ఓ హాలు. చాపలు పరిచి ఉన్నాయి. నలభై మంది దాకా మాలాంటివాళ్లే. అన్నం, సాంబార్, కోడిగుడ్డు, అప్పడం. తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన ‘‘తిన్నవా తమ్ముడూ?’’ అన్నాడు. లేదన్నాను. ‘‘అయితే చెప్పులు ఆడిడిసి కూసో’’ అన్నాడు. అంతే. పేరు, కాలేజీ, ఊరు, కులం, ఏ చర్చి... ఏదీ అడగలేదు.

ఆరు వారాలు అలాగే తిని వచ్చేశాం. ఏడో వారం తెల్ల జుట్టు ఉన్న ఓ సార్ నా పక్కన ప్లేటు పట్టుకుని కూర్చున్నారు. కాసేపు వర్షం గురించి మాట్లాడి, ‘‘ఏమేం పోయినయ్?’’ అని అడిగారు.

ఆ ప్రశ్న చూడండి. ‘‘పాసయ్యావా?’’ అని కాదు. ‘‘ఏమేం పోయినయ్?’’ పోవడం అనేది జలుబు చేసినంత మామూలు విషయమైనట్టు అడిగారు. ఏడాదిగా ఎవరికీ చెప్పని నాలుగు పేర్లు వరసపెట్టి చెప్పేశాను. నాలుగో పేరు దగ్గర గొంతు పట్టేసింది. సార్ అటు తిరిగి, ‘‘ఆంటీ, ఈ పిలగానికి ఇంకొంచెం సాంబార్ పొయ్యి’’ అన్నారు. నేను కళ్లు తుడుచుకునే టైమ్ దొరికింది.

‘‘రేపు సాయంత్రం ఆరింటికి రా. ఎం-1తోని షురూ చేద్దాం. కానీ ఒక షరతు. ఎగ్జామ్ కన్నా ముందు ఇంట్ల చెప్పాలె’’ అన్నారు.

చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. ఒకరోజు తెల్లవారుజామున మార్కెట్లో, బత్తాయిల కుప్ప పక్కన నిలబడి చెప్పాను. నాన్న ఏం మాట్లాడలేదు. వేలంపాట అయ్యేదాకా మాట్లాడలేదు. కమీషన్ ఏజెంట్ దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుని, టీ తాగుతూ అన్నాడు. ‘‘నిరుడు పూత మొత్తం రాలిపాయె. చెట్లు కొట్టేసినమా? మల్ల నీళ్లు వెట్టినం.’’ తర్వాత సంచిలో ఎప్పటికన్నా నాలుగు కాయలు ఎక్కువ వేశాడు.

ఎం-1 మొదటి సప్లీలోనే పాసయ్యా. మ్యాథమెటికల్ మెథడ్స్, సీ తర్వాతి ఏడాది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి మూడు అటెంప్టులు పట్టాయి. అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు గానీ, మా హాలులో కూర్చునే పిల్లలకి నేను ముందు చెప్పేది అదే.

టీమ్ అంటే ఎవరు?

పేర్లు రాయను. వాళ్లకి ఇష్టం ఉండదు. మేం పిలుచుకునేలాగే చెబుతా.

*లెక్కల సార్.* గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో పనిచేసి రిటైరయ్యారు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం క్లాసు. ఎవరి సిలబస్ అయినా, ఎన్నో అటెంప్ట్ అయినా సరే. ‘‘పిల్లలకి లెక్కలు రాక కాదురా, ఎనిమిదో తరగతిల ఆగిపోయిన లెక్క మీద ఇంజినీరింగ్ లెక్క కడ్తుండ్రు’’ అంటారు. అందుకే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కోసం వచ్చినవాడికి ముందు భిన్నాలు చేయిస్తారు. మొదట సిగ్గేస్తుంది. తర్వాత అర్థమవుతుంది.

*నర్సు అక్క.* ఎల్బీనగర్‌లో ఓ ఆసుపత్రిలో డ్యూటీ. అమ్మాయిల హాస్టళ్ల పని ఆమెది, ఇంకో ఇద్దరు అక్కలది. మగవాళ్లెవరూ అమ్మాయిల హాస్టల్‌కి వెళ్లరు, అక్కలు కూడా ఒంటరిగా వెళ్లరు, ఇద్దరు కలిసే వెళ్తారు. రక్తం తక్కువైన పిల్లలు, పీరియడ్స్ నొప్పితో పరీక్ష రాసే పిల్లలు, ఇంట్లో పెళ్లి కుదిర్చేసి చదువు మాన్పిస్తున్న పిల్లలు... ఆమె డైరీలో ఉండేవన్నీ ఇలాంటివే.

*ఫుల్‌టైమ్ అన్న.* తలుపు దగ్గర నన్ను ‘‘తిన్నవా’’ అన్నది ఈయనే. మెకానికల్ ఇంజినీర్. ఉద్యోగం వదిలేసి ఈ పనిలోకి వచ్చాడు. చర్చి ఇచ్చే గౌరవ వేతనం ఎంతో విని రెండు పెళ్లి సంబంధాలు వెనక్కి పోయాయి. మూడో సంబంధం వాళ్లు వినలేదో, విన్నా పట్టించుకోలేదో తెలీదు. వదిన మాత్రం ఇప్పుడు ఆదివారం వడ్డిస్తుంది. అన్న పని చూడ్డానికి ఏం కనిపించదు. రోజంతా హాస్టళ్ల చుట్టూ తిరుగుతాడు, టీ తాగుతాడు, వింటాడు. అతని చేతిలో ఓ రెండొందల పేజీల నోట్‌బుక్. ఎవరికి జ్వరం, ఎవరి ఎగ్జామ్ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడు, ఎవరు రెండు వారాలుగా కనబడలేదు. అన్నీ అందులోనే.

*ఆటో మామ.* పరీక్ష రోజుల్లో పొద్దున్నే సెంటర్ దూరంగా పడిన పిల్లల్ని దింపుతాడు. హాల్‌టికెట్ మర్చిపోయారా అని ప్రతి ఒక్కరినీ రెండుసార్లు అడుగుతాడు. ఒకసారి మర్చిపోయింది నేనే.

*ఆంటీ.* ఒకప్పుడు టిఫిన్ సెంటర్ నడిపింది. నలభై మందికైనా, తొంభై మందికైనా కళ్లతోనే బియ్యం కొలుస్తుంది.

*పాస్టర్ గారు.* హాలు ఇస్తారు, తాళం ఇస్తారు, లెక్క అడుగుతారు. సలహా అడిగితేనే చెబుతారు.

టీమ్‌కి రాసిపెట్టుకున్న నియమాలు ఉన్నాయి. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వరు. ఎగ్జామ్ ఫీజు అయితే నేరుగా కట్టేస్తారు. రిజల్ట్స్ వచ్చే వారం ఎవరి ఫోనూ స్విచాఫ్ కాకూడదు. మన మాటలతో తేలేది కాదు అనిపిస్తే, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి. ఈ మూడోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

నేను ఎత్తని ఫోన్

2018లో నా బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో మూడు నెలలు జావా నేర్చుకున్నా. ఆ సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. నాలుగేళ్లు దుమ్ము తిన్న పిల్లర్ల మీద ఎట్టకేలకు ఏసీలో కూర్చుని వెళ్లాను. ఏడాది చివర్లో మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో చేరాను. టీమ్‌లో వాలంటీర్‌ని కూడా అయ్యాను. ఐదుగురు జూనియర్ల పేర్లు అన్న నాకు రాసిచ్చాడు. ‘‘వారానికోసారి ఫోన్ చెయ్. వాళ్లు చేస్తే మాత్రం ఎత్తు’’ అన్నాడు.

2019 ఏప్రిల్ మీకు గుర్తుందా? ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. రోజూ పేపర్ తెరవాలంటే భయమేసేది. మా టీమ్ మొత్తం ఫోన్లు పట్టుకునే పడుకుంది. తర్వాత మే వచ్చింది. కొంచెం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ ఎండాకాలంలోనే ఒక రాత్రి, 11.40కి, నా లిస్టులోని ఓ ఫస్ట్ ఇయర్ పిల్లాడు ఫోన్ చేశాడు. నేను క్లయింట్ కాల్‌లో ఉన్నా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లించా. కాల్ అయిపోయాక చూసుకోకుండా పడుకున్నా.

రాత్రి ఒంటిగంటన్నరకి ఎవరో తలుపు బాదారు. ఆటో మామ. ‘‘ఫోనెందుకు ఎత్తవ్ రా?’’ పిల్లాడి రూమ్మేట్స్ అన్నకి చెప్పారట. బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు, ఫోన్ ఆఫ్. వెళ్తూ వెళ్తూ వాచీ, పర్సు రూమ్మేట్ మంచం మీద పెట్టాడు.

మేం రెండు జట్లుగా విడిపోయాం. అన్న, సార్ దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో, చుట్టుపక్కల గల్లీలు. నేను, మామ సరూర్‌నగర్ చెరువు కట్ట. మామ ఆటో లైటు నీళ్ల మీద పడుతుంటే నేను చూడలేకపోయాను. ఆ రాత్రి నా తలలో ఒకటే. పదకొండు నలభై. పదకొండు నలభై.

మూడు గంటలకి ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర దొరికాడు. నల్గొండ బస్సులు ఆగే చోట, మూసిన షాపు మెట్ల మీద కూర్చున్నాడు. నాలుగు బస్సులు వదిలేశాడట. ఇంటికి పోతే నాన్నకి మొహం చూపించాలి. హాస్టల్‌కి పోతే రేపు ఉంటుంది. మామ ఆటో ఆపి, దిగి, వాడి పక్కన కూర్చున్నాడు. ‘‘తిన్నవా?’’ అన్నాడు. వాడు ఏడవడం మొదలుపెట్టాడు.

తెల్లారాక నర్సు అక్క, నేను వాణ్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కించాం. వాళ్ల నాన్నకి అక్కే ఫోన్ చేసి రమ్మంది. దిగింది ఎర్రగడ్డలో. మన దగ్గర ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘‘ఎర్రగడ్డకి పంపాలి’’ అని జోకులేస్తాం కదా. ఆ ఎర్రగడ్డే. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. నేనూ ఆ జోకు వేసినవాణ్నే. స్టేషన్ పేరు అనౌన్స్ చేసినప్పుడు పిల్లాడు తల దించుకున్నాడు. అక్క మాత్రం, ‘‘కాలు ఇరిగితే బొక్కల డాక్టర్ దగ్గరికి పోతం. గంతే’’ అంది.

ఓపీలో క్యూ పెద్దది. మాలాంటివాళ్లే అందరూ. టిఫిన్ బాక్సులు, వాటర్ బాటిళ్లు, పక్కన ఓ అమ్మో నాన్నో. డాక్టర్ వాడితో చాలాసేపు మాట్లాడారు. మందులు రాశారు, మళ్లీ రమ్మన్నారు. మధ్యాహ్నానికి వాళ్ల నాన్న వచ్చాడు. కొడుకుని ఏమీ అడగలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఒక విషయం దాచను. ఆ తర్వాత చర్చిలో కొందరు పెద్దలు గొణిగారు. ‘‘ప్రార్థన చేస్తే పోయేదానికి ఎర్రగడ్డ దాకా ఎందుకు?’’ అని. ఆ ఆదివారం పాస్టర్ గారు అందరి ముందే చెప్పారు. ‘‘ప్రార్థన నేను చేస్తా. మందు డాక్టర్ ఇస్తడు. ఎవరి పని ఆళ్లు చేద్దాం.’’ ఆ మాట అక్కడితో ఆగింది.

నేను అన్న దగ్గరికి వెళ్లి, ‘‘నా లిస్టు తీసేసుకో, నా వల్ల కాదు’’ అన్నా. అన్న నోట్‌బుక్ తెరిచి ఐదు పేర్లూ అలాగే ఉంచాడు. ‘‘ఆ రాత్రి నువ్వు ఎత్తలేదు. అందుకే ఒక్కల మీదనే ఆధారపడొద్దని టీమ్ పెట్టుకున్నం’’ అన్నాడు. ఆ తర్వాత నియమం ఒకటి చేర్చారు. ప్రతి పిల్లాడి దగ్గర ఇద్దరి నంబర్లు ఉండాలి. ఇప్పుడైతే ఇంకొకటి కూడా రాసిస్తున్నాం. 2022 అక్టోబర్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్, 14416. రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. మా హాలు గోడ మీద పెద్ద అంకెలతో ఉంది. మీ ఫోన్‌లో కూడా ఉంచుకోండి, మీకు కాకపోయినా మీ రూమ్మేట్‌కి.

ఆ పిల్లాడు? ఒక ఏడాది పోయింది, డిగ్రీ పోలేదు. నాకు ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేస్తాడు. మొదటి రింగుకే ఎత్తుతా.

ఇదేం కొత్త కాదు

మనవాళ్లలో ‘వారాలు చేసుకుని చదువుకోవడం’ అని ఉండేది. పేద విద్యార్థి పట్నం వచ్చి, సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోంచేసి చదువుకునేవాడు. టంగుటూరి ప్రకాశం పంతులు గారిని చదివించింది ఒంగోలులో వాళ్లమ్మ నడిపిన పూటకూళ్ల ఇల్లు. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి చదువుతోపాటు ఓ ముద్ద, ఓ మూల కావాలని తెలిసినవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. ఒక తేడా. పాత రోజుల్లో ఏ ఇంట్లో తినాలో చాలాసార్లు కులమే చెప్పేది. మా చాపల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ చూడరు.

చర్చిల వైపు నుంచి చూసినా ఇది పాత పనే. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ మన దేశంలో 1912 నుంచి ఉంది. యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా, అంటే యూఈఎస్ఐ, 1954లో మొదలైంది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి విద్యార్థి బృందాల్ని కలిపే ఐఎఫ్ఈఎస్ 1947లో ఏర్పడింది. యూఈఎస్ఐ పద్ధతి సింపుల్. కాలేజీల్లో విద్యార్థులే నడుపుకునే చిన్న గ్రూపులు. చదువైపోయి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వెనకుండే గ్రాడ్యుయేట్స్ ఫెలోషిప్. ఇద్దరి మధ్యా తిరిగే ఫుల్‌టైమ్ స్టాఫ్ వర్కర్లు. మా అన్న తన కాలేజీ రోజుల్లో అలాంటి గ్రూపులోనే ఉన్నాడు. అక్కడ చూసిందే ఓ గల్లీ చర్చికి సరిపోయేలా కుదించి తెచ్చాడు.

మీరు అడగబోయేది

‘‘ఇదంతా మతం మార్చడానికేగా?’’ ఈ ప్రశ్న నా రూమ్మేట్ మొదటి నెలలోనే అన్నని మొహం మీదే అడిగాడు. అన్న నవ్వలేదు, కోప్పడలేదు. ‘‘ఆరింటి నుంచి ఏడింటి దాకా పాటలు, ప్రార్థన. ఏడున్నరకి అన్నం. అన్నానికే వచ్చేటోళ్లు ఏడున్నరకి రావాలె. నేను నమ్మేది దాచిపెట్టను. కానీ అన్నానికి దాని రేటు కట్టను’’ అన్నాడు.

మాట చెప్పడం సులువు. ఒకసారి అది తప్పింది కూడా. కొత్తగా వచ్చిన ఓ వాలంటీర్, సప్లీ ఫీజు అడిగిన పిల్లాడితో ‘‘ముందు నాలుగు వారాలు బైబిల్ స్టడీకి రా, తర్వాత చూద్దాం’’ అన్నాడు. పిల్లాడు రావడం మానేశాడు. విషయం తెలిసి పాస్టర్ గారు స్వయంగా ఆ హాస్టల్‌కి వెళ్లారు. మూడంతస్తులు ఎక్కి, పిల్లాడికి క్షమాపణ చెప్పి, ఫీజు కట్టిన రసీదు చేతిలో పెట్టి వచ్చారు. ఆ పిల్లాడు మళ్లీ రాలేదు. ఆ ఖాళీ మాకు గుర్తుండాలని అన్న నోట్‌బుక్‌లో అతని పేరు కొట్టేయలేదు.

నా విషయానికొస్తే, నేను కొన్నాళ్లకి ఏడున్నర నుంచి ఆరింటికి జరిగాను. ఎవరూ జరపలేదు. నా రూమ్మేట్ మాత్రం నాలుగేళ్లూ ఏడున్నరకే వచ్చాడు. గురువారం గుడి మానలేదు. అంతేకాదు, వాడికి సీ ప్రోగ్రామింగ్ బాగా వచ్చు కాబట్టి మంగళవారాలు మా హాలులో జూనియర్లకి పాయింటర్లు చెప్పేవాడు. నాకు ఆ సబ్జెక్టు పాస్ చేయించింది వాడే.

ఆ రెండు నెలలు, ఆ వాన

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే సిటీలో చాలా హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం వందల మంది క్యూలు కట్టారు. ఆంధ్రా వైపు బయల్దేరినవాళ్లని సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. తర్వాత హాస్టళ్లు మూయొద్దని ప్రభుత్వం చెప్పింది. కానీ చాలాచోట్ల వంటవాళ్లు అప్పటికే ఊళ్లకి పోయారు. ఆంటీ చర్చి మెట్ల కింద పొయ్యి పెట్టింది. పర్మిషన్ తెచ్చుకుని, మాస్కులు కట్టుకుని, రోజూ పొట్లాలు మోశాం. ఆదివారం రాత్రి ఒక్కపూట వంట, ప్రతి రాత్రి వంట అయింది. నా జీతంలో కోత పడిన నెల కూడా అదే. అయినా ఖర్చు గురించి ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. పాత పిల్లలు, ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, బెంగళూరు నుంచి, డల్లాస్ నుంచి ఫోన్‌పేలు, ట్రాన్స్‌ఫర్లు చేశారు.

ఆ అక్టోబర్‌లో వానలొచ్చి సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. పిల్లలు ఊళ్లలో, వాళ్ల పెట్టెలు ఇక్కడ గ్రౌండ్‌ఫ్లోర్ గదుల్లో. ‘‘అన్నా, నా మెమోలు’’ అని ఒకటే ఫోన్లు. నడుంలోతు నీళ్లలోంచి తెచ్చిన సర్టిఫికెట్లు మా హాలు నిండా పరిచి, ఫ్యాన్ల కింద ఆరబెట్టాం. సార్ ఒక్కో పేపర్ మీద మార్కులు చదువుకుంటూ పోయారు. ‘‘వీడికి మ్యాథ్స్‌ల నేను చెప్పినదానికన్నా ఎక్కువొచ్చినయ్ రోయ్’’ అని మురిసిపోయారు.

పోయిన ఆదివారం

సార్‌కి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. రెండంతస్తులు ఎక్కడానికి పదినిమిషాలు పడుతుంది. ఎం-1 క్లాసు వారానికి ఒకటి నాకు అప్పజెప్పారు. అప్పుడు భయపడిన చాప్టర్లకి ఇప్పుడు కూడా భయపడతా. ముందురోజు రాత్రి కూర్చుని చదువుకుని వెళ్తా. నాన్న తోట బత్తాయిలు ఇప్పుడు బాటసింగారంలో దిగుతాయి. సీజన్‌లో ఓ బస్తా ఎల్బీనగర్ దాకా పంపిస్తాడు, ‘‘పిల్లలకి జ్యూస్ తియ్యి’’ అని.

పోయిన ఆదివారం ఏడున్నరకి నేను తలుపు దగ్గర ఉన్నా. ఓ కుర్రాడు మెట్ల మలుపులో ఆగిపోయాడు. కొత్త బకెట్, కొత్త పరుపు కొన్న వయసు. పైకి రావాలా, దిగిపోవాలా తేల్చుకోలేక ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

‘‘తిన్నవా తమ్ముడూ?’’ అన్నా.

‘‘లేదన్నా... పేరు రాయాల్నా?’’

‘‘చెప్పులు ఆడిడిసి కూసో. ఇయ్యాల గుడ్డు పెద్దది’’ అన్నా.